పదేళ్ల పెద్దమనుషులు

“టీచర్, వీడు నన్ను కొట్టాడు.”

“వాడే ముందు మా నాన్న పేరు పెట్టి పిలిచాడు టీచర్!”

ఇంటర్వెల్ అయ్యాక ఈ రెండు ఫిర్యాదులూ వినపడని బడి తెలుగునాట ఉండదేమో. ఫిర్యాదు వచ్చే సమయానికి టీచర్ ముందు దిద్దాల్సిన నోటు పుస్తకాలు దొంతరగా ఉంటాయి. యాప్‌లో హాజరు ఎక్కించాలి, మధ్యాహ్న భోజనానికి ఎంతమందో లెక్క చెప్పాలి. అందుకే విచారణ నిమిషంలో ముగిసిపోతుంది. “ఇద్దరిదీ తప్పే. సారీ చెప్పుకోండి. చేతులు కలపండి. ఊఁ, పోయి కూర్చోండి.” టీచర్‌కి మరీ చిరాగ్గా ఉంటే ఇద్దరికీ చెరో దెబ్బ. పిల్లలు చేతులు కలుపుతారు. అసలు గొడవ మాత్రం సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక, గేటు బయట సైకిళ్ల దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఈసారి ఇద్దరి వెనకా చెరో నలుగురు ఉంటారు.

ఇందులో టీచర్‌ని తప్పుపట్టి లాభం లేదు. బీఈడీలో పాఠ్య ప్రణాళిక రాయడం నేర్పారు, బ్లాక్ బోర్డు మీద అక్షరం ఎలా ఉండాలో నేర్పారు. ఏడుస్తున్న ఇద్దరు పిల్లల మధ్య ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చాలా మంచి పని. కానీ బెత్తం ఖాళీ చేసిన చోట ఏం పెట్టాలో మనం తేల్చుకోలేదు. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 తయారైనప్పుడు శాంతి కోసం విద్య అనే అంశం మీద ఎన్‌సీఈఆర్‌టీ ప్రత్యేకంగా ఒక బృందాన్నే వేసింది. శాంతిని మరో సబ్జెక్టుగా పెట్టొద్దు, అన్ని సబ్జెక్టుల్లోనూ కలపండి అని ఆ బృందం చెప్పింది. అన్నింటిలో కలపమన్న పని చివరికి ఎవరి పనీ కాకుండా పోవడం మన దగ్గర కొత్తేమీ కాదు.

గొడవ తీర్చడం మనిషి స్వభావాన్ని బట్టి అబ్బేదని, కొందరికి ఓపిక ఉంటుంది, కొందరికి ఉండదని మనం అనుకుంటాం. కానీ యాభై ఏళ్లుగా కొన్ని దేశాల్లో దాన్ని ఎక్కాల్లాగే కూర్చోబెట్టి నేర్పుతున్నారు. పదేళ్ల పిల్లలు నేర్చుకుంటున్నారు, తోటి పిల్లల తగాదాల్లో మధ్యవర్తులుగా కూర్చుంటున్నారు. అక్కడ ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో మన బడులు తెలుసుకోవడం మంచిది.

కిటికీ దగ్గర తగాదా

ఈ ఆలోచనకు మూలం వెతికితే బడి బయట, ఫ్యాక్టరీల మేనేజర్ల మధ్య దొరుకుతుంది. 1925 జనవరిలో న్యూయార్క్‌లో మేరీ పార్కర్ ఫాలెట్ అనే ఆవిడ నిర్మాణాత్మక సంఘర్షణ మీద ఒక ప్రసంగం చేసింది. అందులో తన అనుభవం ఒకటి చెప్పింది. హార్వర్డ్‌లో ఒక లైబ్రరీ. చిన్న గదిలో ఇద్దరు చదువుకుంటున్నారు. ఒకరికి కిటికీ తెరవాలి, ఫాలెట్‌కి మూసి ఉండాలి. చివరికి పక్కనే ఎవరూ లేని గదిలో కిటికీ తెరిచారు. గొడవ తీరిపోయింది.

ఇది రాజీ కాదంటుంది ఫాలెట్. రాజీ అంటే కిటికీ సగం తెరవడం, అప్పుడు ఇద్దరికీ సగం అసంతృప్తి మిగులుతుంది. ఆ రెండో మనిషికి కావలసింది గాలి, ఆ కిటికీయే తెరవాలన్న పట్టుదల లేదు. ఫాలెట్‌కి కావలసింది ఉత్తరపు గాలి నేరుగా మీద కొట్టకుండా ఉండడం. కోరికకూ దాని వెనకున్న అవసరానికీ తేడా ఉందని కనిపెట్టగానే మూడో దారి కనబడింది. గొడవలు మూడు రకాలుగా తీరతాయని ఆవిడ లెక్క. ఒకరిది పైచేయి కావడం, ఇద్దరూ కొంత వదులుకోవడం, ఇద్దరి అవసరాలూ తీరే దారి దొరకడం. మొదటి రెండింటిలో గొడవ అప్పటికి సద్దుమణుగుతుందే గానీ మళ్లీ ఇంకో రూపంలో లేస్తుంది.

దీన్ని మన తరగతిలోకి తెచ్చుకుంటే మార్చి నెలలో ఫ్యాన్ కింద సీటు గొడవ సరిపోతుంది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఇద్దరమ్మాయిలు ఒకే సీటు కోసం పుస్తకాల సంచులు విసురుకున్నారు. టీచర్ రోజు మార్చి రోజు కూర్చోమంటే అది రాజీ. అదే “నీకు ఆ సీటే ఎందుకు కావాలి?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగితే, ఒకమ్మాయికి ఉక్కపోత, రెండో అమ్మాయికి వెనక నుంచి బోర్డు కనపడటం లేదని బయటపడొచ్చు. రెండో అమ్మాయి ఫ్యాన్ గురించి అసలు ఆలోచించనే లేదు. ఆ పిల్లకి కావలసింది కళ్ల పరీక్ష.

బ్రూక్లిన్ కథ

1972లో న్యూయార్క్‌లోని క్వేకర్లు, అంటే యుద్ధాలకు దూరంగా ఉండే చిన్న క్రైస్తవ శాఖ వాళ్లు, నగరంలోని ప్రభుత్వ బడుల్లోకి వెళ్లి ఆటలు, పాటలు, తోలుబొమ్మల సాయంతో గొడవల గురించి మాట్లాడించడం మొదలుపెట్టారు. వియత్నాం యుద్ధ కాలం అది. దేశాల మధ్య శాంతి కావాలంటే చిన్న పిల్లల దగ్గర మొదలెట్టాలని వాళ్ల నమ్మకం. ఇంకోపక్క శాన్‌ఫ్రాన్సిస్కోలో రే షోన్‌హోల్ట్జ్ అనే లాయరు 1976లో కమ్యూనిటీ బోర్డ్స్ అనే సంస్థ పెట్టాడు. ఇరుగుపొరుగు తగాదాలు కోర్టుకెక్కకుండా ఆ పేటలోని మామూలు మనుషులే మధ్యవర్తులుగా కూర్చుని తీర్చడం దాని పని. పెద్దవాళ్లు నేర్చుకోగలిగింది పిల్లలు ఎందుకు నేర్చుకోలేరన్న ప్రశ్న వచ్చింది. 1980ల మొదట్లో అదే సంస్థ బడుల్లో పిల్లల్ని మధ్యవర్తులుగా తయారుచేసింది. ఇంటర్వెల్లో ప్రత్యేకమైన టీషర్టులు వేసుకుని ఇద్దరిద్దరు చొప్పున ఆటస్థలంలో తిరిగేవాళ్లు. ఎక్కడైనా గొంతులు లేస్తే దగ్గరకు వెళ్లి, “మేం సాయం చెయ్యమంటారా?” అని అడిగేవాళ్లు. వద్దంటే వెళ్లిపోవాలి.

న్యూయార్క్‌లో ఇది పెద్ద ఎత్తున నడిచింది బ్రూక్లిన్‌లోని డిస్ట్రిక్ట్ 15 అనే బడుల విభాగంలో. 1985లో నగర విద్యాబోర్డు, ఒక ఉపాధ్యాయ సంస్థ కలిసి మొదలుపెట్టిన ఆ కార్యక్రమాన్ని లిండా లాంటియెరి, టామ్ రోడ్రిక్ నడిపించారు. వాళ్ల పద్ధతిలో ముందు శిక్షణ టీచర్లకి. తర్వాత ఆ టీచర్లు తరగతిలో వారం వారం పాఠాలు చెప్పాలి. అటు తర్వాతే పిల్ల మధ్యవర్తుల ఎంపిక.

ఆ డిస్ట్రిక్ట్‌లోనే రెడ్‌హుక్ అనే పేట ఉంది. రేవు పనులు తగ్గిపోయాక పేదరికంలో కూరుకుపోయి, మాదకద్రవ్యాల ముఠాల చేతిలో చిక్కిన పేట. అక్కడి పీఎస్ 15 ప్రాథమిక పాఠశాల ప్రిన్సిపాల్ పాట్రిక్ డేలీ. 1992 డిసెంబరు 17న తొమ్మిదేళ్ల కుర్రాడొకడు ఎవరితోనో గొడవపడి, ఏడుస్తూ బడి నుంచి బయటికి వెళ్లిపోయాడు. డేలీ ఆ పిల్లవాణ్ని వెతుక్కుంటూ పక్కనున్న ప్రభుత్వ గృహసముదాయంలోకి వెళ్లాడు. రెండు ముఠాల కాల్పుల మధ్య చిక్కుకుని చనిపోయాడు. పిల్లల మధ్య ఇంటర్వెల్ గొడవ అంటే చిన్న విషయమే. అది ఏ వీధిలో జరుగుతోందన్నది చిన్న విషయం కాదని అమెరికాకి ఆ రోజు తెలిసొచ్చింది.

ఆ తర్వాత ఆ పేటలో ఏం చేశారన్నది చెప్పుకోదగ్గది. 2000లో అక్కడ మూతపడ్డ ఒక క్యాథలిక్ బడి భవనంలో రెడ్‌హుక్ కమ్యూనిటీ జస్టిస్ సెంటర్ తెరిచారు. ఒకే జడ్జి దగ్గర నేరాల కేసులు, ఇంటి అద్దె తగాదాలు, కుటుంబ వివాదాలు నడుస్తాయి. అక్కడే పేటలోని కుర్రాళ్లు శిక్షణ తీసుకుని తోటి కుర్రాళ్ల చిన్న నేరాలు విచారించే యువకుల కోర్టు కూడా ఉంది. అక్కడ జడ్జీలు, జ్యూరీ, ఇరుపక్షాల తరఫున మాట్లాడేవాళ్లు అందరూ ఆ వయసు వాళ్లే. తర్వాత అమెరికా మూలవాసుల పద్ధతి నుంచి తీసుకున్న శాంతి కూటాలు కూడా వచ్చాయి. డేలీ పనిచేసిన బడికి ఇప్పుడు ఆయన పేరే.

జర్మనీలో ఇప్పుడు పిల్ల మధ్యవర్తులు ఎన్నో బడుల్లో మామూలు సంగతి. ఉత్తర ఐర్లాండ్‌లో క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య బాంబులు పేలుతున్న రోజుల్లోనే డెర్రీ పట్టణంలో ప్రాథమిక బడి పిల్లలకి ఈ పని నేర్పారు. పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకోలేని ఊళ్లో పదేళ్ల పిల్లలు బల్లకి అటొకరు, ఇటొకరు కూర్చున్నారు.

బకెట్ గొడవ

ఇంతకీ ఆ బల్ల దగ్గర ఏం జరుగుతుంది? మన గురుకులం హాస్టల్లో జరిగినట్టు ఊహించి చెప్తాను.

పొద్దున్న ఐదున్నరకి కుళాయిల దగ్గర వరస. మౌనిక బకెట్ స్వాతి తీసుకెళ్లింది. మౌనిక వచ్చి స్వాతి ఉతికిన బట్టలు మట్టిలో పడేసింది. జుట్టు జుట్టు పట్టుకున్నారు. వార్డెన్ దగ్గరకి వెళ్లే ముందు ఇద్దర్నీ అడిగారు: మధ్యవర్తుల దగ్గర కూర్చుంటారా? సరేనన్నారు. ఆ సరే అన్నది లేకపోతే ఈ పని మొదలే కాదు. మధ్యవర్తులు ఇద్దరు, తొమ్మిదో తరగతి అమ్మాయిలు. ముందు నియమాలు చెప్పారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు ఆపకూడదు. తిట్టకూడదు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. ఎవరికైనా ప్రమాదం ఉందని తెలిస్తే మాత్రం పెద్దవాళ్లకి చెప్పక తప్పదు, ఆ సంగతి కూడా ముందే చెప్పాలి.

“నా బకెట్ అడక్కుండా తీస్కపోయింది అక్కా. ఇది మూడోసారి.”

“అడక్కుండా తీసుకెళ్లింది, అదీ మూడోసారి. అందుకని నీకు కోపం వచ్చింది. అంతేనా?”

“అంతే కాదక్కా. ఆ రోజు నాకు నీళ్లు అయిపోయినయ్. తలస్నానం చెయ్యకుండానే క్లాసుకి పోయిన.”

తర్వాత స్వాతి వంతు. తన బకెట్ పగిలి చాలా రోజులైంది. నాన్నకి ఫోన్ చేస్తే వచ్చే ఆదివారం తెస్తానన్నాడు, ఆ ఆదివారం రాలేదు. మౌనికని అడగొచ్చు కదా అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఒకసారి అడిగిన అక్కా. అందరి ముందే ‘మీ ఇంట్ల బకెట్ గూడ కొనియ్యరా’ అన్నది. అప్పట్నుంచి అడగబుద్ధి కాలే.”

అసలు గొడవ ఇదీ. బకెట్ మీద ఎన్ని తీర్పులు చెప్పినా ఈ మాట బయటికి వచ్చేది కాదు. ఇక్కడ మధ్యవర్తి “నువ్వు అలా అనడం తప్పు మౌనికా” అంటే పని చెడిపోతుంది. అనకుండా ఉండటం మహా కష్టం, పెద్దవాళ్లకి మరీ కష్టం. ఆ అక్క చెయ్యాల్సిందల్లా విన్నది తిరిగి చెప్పడం: “నలుగురిలో ఆ మాట అన్నందుకు నీకు చిన్నతనం అనిపించింది.” మౌనిక ఆ మాట ఇంకొకరి నోట వింటుంది. ఆ తర్వాత ఇద్దర్నీ అడుగుతారు, మళ్లీ ఇలా కాకుండా ఏం చెయ్యొచ్చో మీరే చెప్పండని. ఎవరి ముందు ఆ మాట అన్నదో వాళ్ల ముందే మౌనిక క్షమించమని అడుగుతానంది. మురికైన బట్టలు తనే ఉతుకుతానంది. స్వాతికి కొత్త బకెట్ వచ్చేదాకా ముందు మౌనిక, తర్వాత స్వాతి అదే బకెట్ వాడుకుంటారు. ఈ ఒప్పందం కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టారు. కుళాయిల్లో నీళ్లు ఆరున్నరకే ఆగిపోతున్నాయన్న సంగతి మాత్రం మధ్యవర్తులు, ఆ ఇద్దర్నీ అడిగి, వార్డెన్‌కి విడిగా చెప్పారు. ఎందుకంటే నలభై మందికి నాలుగు కుళాయిలు ఉన్నంతకాలం రోజుకో బకెట్ గొడవ తప్పదు.

దీన్ని చూసి క్లాస్ లీడర్ పనే కదా అనుకోవద్దు. మన క్లాస్ లీడర్ చేసేది టీచర్ లేనప్పుడు మాట్లాడిన వాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం, ఎక్కువ మాట్లాడిన వాళ్లకి ఎదురుగా ఇంటూ మార్కులు పెట్టడం. ఫ్రెండ్స్ పేర్లు చెరిపేసే అధికారం కూడా ఉంటుంది, అది వేరే కథ. మధ్యవర్తికి ఏ అధికారమూ ఉండదు.

రాయబారం కూడా కాదు. 2021లో ఒక మధ్యవర్తిత్వ సదస్సులో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ మహాభారతంలో కృష్ణుడి ప్రయత్నాన్ని మధ్యవర్తిత్వానికి ఉదాహరణగా చెప్పారు. తిరుపతి వేంకట కవుల నాటకం పుణ్యమా అని ఆ ఘట్టం తెలియని తెలుగువాడు లేడు. కానీ పిల్లలకి ఈ పని నేర్పేటప్పుడు ఆ ఉదాహరణ కాస్త జాగ్రత్తగా వాడాలనిపిస్తుంది. కృష్ణుడు పాండవుల తరఫున వెళ్లాడు. కౌరవుల సభలో ఆయన్ని ఇరుపక్షాల మనిషిగా ఎవరూ చూడలేదు, చివరికి బంధించబోయారు కూడా. ఇక ఊరి పెద్దమనుషుల పంచాయితీ అంటారా, అక్కడ జరిగేది తీర్పు. తప్పు ఎవరిదో తేల్చి, జరిమానా వేసి, కాళ్లు పట్టించడం. బడి మధ్యవర్తి ఇవేవీ చెయ్యడు.

లెక్కలు ఏం చెప్తున్నాయి

పని చేస్తుందా అన్న ప్రశ్నకి జవాబు పూర్తిగా తీయగా లేదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే అన్నదమ్ములు ఏళ్ల తరబడి బడి పిల్లల్ని గమనించారు. ఏ శిక్షణా లేని పిల్లలు గొడవ వస్తే ఎదుటివాణ్ని లొంగదీసుకోవాలని చూస్తారు, లేదా తప్పుకుంటారు, లేదా టీచర్‌కి చెప్తారు. ఇద్దరికీ పనికొచ్చే దారి వెతకడం వాళ్లలో దాదాపు కనపడలేదు. నేర్పాక కనపడింది. అందుకే ఏ పదిమందినో ఎంపిక చేసి శిక్షణ ఇస్తే చాలదని, తరగతిలో అందరికీ నేర్పి మధ్యవర్తి పనిని వంతులవారీగా తిప్పాలని వాళ్లు వాదించారు. వేర్వేరు అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులకి, పిల్లలు నడిపిన మధ్యవర్తిత్వాల్లో పదింటికి తొమ్మిదికి పైగా ఒప్పందంతో ముగిసినట్టు కనపడింది. అక్కడిదాకా బాగుంది.

లాంటియెరి, రోడ్రిక్ నడిపించిన న్యూయార్క్ కార్యక్రమాన్ని లారెన్స్ ఆబర్ అనే పరిశోధకుడి బృందం 1990లలో పరీక్షించినప్పుడు వేరే సంగతి బయటపడింది. టీచరు పాఠాలు ఎక్కువగా, క్రమం తప్పకుండా చెప్పిన తరగతుల్లో, వయసుతో పాటు పిల్లల్లో పెరిగే దూకుడు నెమ్మదిగా పెరిగింది. టీచర్ బోలెడంత శిక్షణ తీసుకుని తరగతిలో పాఠాలు కొన్నే చెప్పిన చోట ఆ లాభం కనపడలేదు. మండల కేంద్రంలో రెండ్రోజుల శిక్షణ, టీఏ డీఏ, సర్టిఫికెట్, ఫొటో, దాంతో పని అయిపోయిందనుకునే మన అలవాటుకి ఇంతకంటే సూటిగా తగిలే ఫలితం ఉండదు.

ఇంకొకటి పిట్స్‌బర్గ్‌ది. 1994లో అమెరికా బడుల్లోకి తుపాకీలు తేకుండా ఆపే చట్టం వచ్చాక ఏ తప్పుకైనా సస్పెన్షనే అన్న కఠిన విధానం పెరిగిపోయింది. ఆ విధానం బడుల్ని సురక్షితం చేసినట్టు ఆధారాలు లేవని 2008లో అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘమే తేల్చింది. దానికి ప్రత్యామ్నాయంగా పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, జరిగిన నష్టాన్ని ఎలా సరిచెయ్యాలో మాట్లాడించే పద్ధతులు వచ్చాయి. పిట్స్‌బర్గ్‌లో 44 బడుల్ని లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టి రాండ్ అనే పరిశోధన సంస్థ రెండేళ్లు పరిశీలించింది. 2018లో ఫలితాలు వచ్చాయి. సస్పెన్షన్లు తగ్గాయి. బడి వాతావరణం మెరుగైందని టీచర్లు చెప్పారు. కానీ ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల మార్కులు తగ్గాయి. గొడవ చేసే పిల్లవాణ్ని తరగతిలోనే ఉంచితే టీచర్‌కి సాయంగా ఇంకో మనిషి కావాలని, లేకపోతే మిగతా పిల్లల చదువు మీద ఆ భారం పడుతుందని నాకు అర్థమైంది. మన దగ్గర ఒకే టీచర్ ఐదు తరగతులు చూసే బడులు ఇంకా ఉన్నాయి.

కూర్చోబెట్టకూడని చోట

మన సమాజంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పుకోవాలి. ఇద్దరు సమానుల మధ్య గొడవకే మధ్యవర్తిత్వం. ఒకడు నెలల తరబడి ఇంకొకణ్ని ఏడిపిస్తుంటే అది గొడవ కిందికి రాదు. నార్వేలో 1980ల మొదట్లో వేధింపులు భరించలేక పిల్లలు ఆత్మహత్య చేసుకున్నాక దేశవ్యాప్తంగా కార్యక్రమం మొదలైంది, దానికి రూపమిచ్చినవాడు డాన్ ఒల్వేయస్. వేధించేవాణ్నీ, బాధితుణ్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి “మీ ఇద్దరూ మాట్లాడుకోండి” అనడాన్ని ఆయన పద్ధతి ఒప్పుకోదు. బాధితుడు ఏం వదులుకోవాలి? ఎందుకు వదులుకోవాలి?

2023 ఆగస్టులో తమిళనాడు తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి మీద, అదే బడిలో చదివే పిల్లలు రాత్రి ఇంటికెళ్లి కొడవళ్లతో దాడి చేశారు. అడ్డొచ్చిన చెల్లెలూ గాయపడింది. బడిలో వాళ్లు పెడుతున్న వేధింపుల గురించి ఆ కుర్రాడు చెప్పడమే నేరమైంది. తమిళనాడు ప్రభుత్వం జస్టిస్ చంద్రుతో ఏకసభ్య కమిటీ వేసింది. ‘జై భీమ్’ సినిమా చూసిన తెలుగు ప్రేక్షకులకి ఆయన ఎవరో తెలుసు. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఆయన బడిలో కులాన్ని చెప్పే రంగు రంగుల చేతి దారాలు, ఉంగరాలు, నుదుటి గుర్తులు నిషేధించమన్నారు. అది ఇద్దరు పిల్లల మధ్య తగవైతే ఇన్ని సిఫార్సులు అవసరం ఉండేవి కాదు.

కులం పేరు పెట్టి తిట్టినా, అమ్మాయిని తాకినా, డబ్బు గుంజినా, వీడియో తీసి బెదిరించినా బడి చెయ్యాల్సింది వేరు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం గురించి తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజెయ్యాల్సిందే. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష, సంస్థ బాధ్యులకైతే ఏడాది దాకా జైలు. అయినా మన బడుల్లో ఇలాంటిది జరిగితే ముందు వినపడే మాట ఏమిటి? “ఆడపిల్ల భవిష్యత్తు పాడవుతుంది, బడి పేరు పోతుంది, కూర్చుని మాట్లాడుకుందాం.” ఊరి పెద్దలు వస్తారు, పార్టీ వాళ్లొస్తారు, ఎవరో టీసీ తీసుకుని వెళ్లిపోతారు. సాధారణంగా బాధితురాలే. రేపు మనం బడుల్లో మధ్యవర్తిత్వం తెస్తే ఈ రాజీలకి అది గౌరవమైన కొత్త పేరుగా మారే ప్రమాదం నిజంగా ఉంది. అందుకే మొదటి శిక్షణలో ఏ గొడవని బల్ల దగ్గరకు తేకూడదో చెప్పాలి, తేదగ్గవి ఆ తర్వాత.

ఇంగ్లిషులో కోపం రాదు

పెద్దల కోసం మన దేశం మధ్యవర్తిత్వానికి చాలానే చేసింది. హైదరాబాద్‌లో 2021లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం తెరిచారు. 2023లో మధ్యవర్తిత్వానికి ప్రత్యేకంగా చట్టమే వచ్చింది, అందులో పేటల తగాదాలకి సామాజిక మధ్యవర్తిత్వం గురించి ఒక అధ్యాయం ఉంది. కోట్ల రూపాయల ఒప్పందాల తగాదాకి ఉన్న వెసులుబాటు కంపాస్ బాక్స్ తగాదాకి లేదు.

ఖర్చుతో కూడిన పని కూడా కాదు. వారానికో పీరియడ్, ఒక మూల బల్ల, నాలుగు కుర్చీలు, ఆ పీరియడ్‌ని లెక్కల మాస్టారు సిలబస్ కోసం లాక్కోకుండా కాపాడే హెడ్మాస్టర్. ఈ చివరిదే దొరకడం కష్టం. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో మొదలుపెడితే మేలు. పిల్లలు ఇరవై నాలుగ్గంటలూ ఒకేచోట ఉంటారు, పొద్దున కుళాయి దగ్గర నుంచి రాత్రి దుప్పటి దాకా గొడవలకి కొదవ ఉండదు, ఇంటికెళ్లి అమ్మకి చెప్పుకునే వీలూ ఉండదు.

మధ్యవర్తులుగా ఎవర్ని పెట్టాలన్న దగ్గర మన టీచర్ల చెయ్యి అలవాటుగా ఫస్ట్ ర్యాంకర్ వైపు వెళ్తుంది. అది తప్పు. అనుభవం ఉన్న చోట్ల తరచూ గొడవపడే పిల్లల్ని కూడా కలుపుతారు. తోటి పిల్లలు వాళ్ల మాటే వింటారు, పైగా గొడవ ఎలా రాజుకుంటుందో వాళ్లకి తెలిసినంతగా ఫస్ట్ ర్యాంకర్‌కి తెలియదు. కులం, ఊరు, ఆడామగా అన్నీ కలిసేలా చూడాలి. లేకపోతే ఆ బల్ల కూడా ఒక గుంపు సొంతమైపోతుంది.

భాష సంగతి ఎవరూ పట్టించుకోరు. ప్రైవేటు బడుల్లో ఆవరణలో తెలుగు మాట్లాడితే జరిమానా వేసేవి ఇంకా ఉన్నాయి. అక్కడ టీచర్ ముందు నిలబెడితే పిల్లలు “సారీ”, “ఇట్స్ ఓకే” అని చెప్పేసి బయటపడతారు. చిన్నతనం అనిపించడం, మనసు నొచ్చుకోవడం, ఉడుక్కోవడం, అలగడం, వీటిని ఆరో తరగతి పిల్ల నేర్చుకున్న ఇంగ్లిషులో చెప్పలేదు. మధ్యవర్తి బల్ల దగ్గర ఇంటి భాషకి, అందులోని యాసకి అనుమతి ఉండాల్సిందే. ఆదిలాబాద్‌లో గోండి, పాడేరులో కువి మాట్లాడే పిల్లలకైతే వాళ్ల భాష తెలిసిన మధ్యవర్తే కావాలి.

ఇక పిల్లలకీ టీచర్‌కీ మధ్య వచ్చే గొడవ సంగతి. దీన్ని దాదాపు ఎవరూ తాకరు. తాకినవాడు ఒకడున్నాడు. పోలండ్ రాజధాని వార్సాలో యానుష్ కోర్చాక్ అనే పిల్లల డాక్టర్ 1912 నుంచి యూదు అనాథ పిల్లల ఆశ్రమం నడిపాడు. 1942లో ఆయన్నీ, ఆ పిల్లల్నీ నాజీలు ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు. దానికి కొద్ది రోజుల ముందే ఆ పిల్లలు రవీంద్రుడి ‘పోస్టాఫీసు’ నాటకం వేశారు. ఆ ఆశ్రమంలో పిల్లల కోర్టు ఉండేది. ఆ వారం ఎవరి మీద ఫిర్యాదు లేదో వాళ్లలో నుంచి చీటీలు తీసి ఐదుగురు జడ్జీల్ని ఎంచేవారు. కోర్చాక్ రాసిన శిక్షాస్మృతిలో మొదటి 99 నిబంధనలూ శిక్ష లేకుండా వదిలేసేవే. అది మధ్యవర్తిత్వం కాదు, కోర్టే. కానీ అందులో పెద్దవాళ్ల మీద కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆరు నెలల్లో కోర్చాక్ తన మీద తానే ఐదు కేసులు పెట్టుకున్నాడు. ఒక కుర్రాడి చెవి మీద కొట్టినందుకు, ఒకణ్ని పడకగది నుంచి బయటికి గెంటినందుకు, ఒకణ్ని మూల నిలబెట్టినందుకు, ఒక జడ్జిని అవమానించినందుకు, దొంగతనం చేసిందని ఒక అమ్మాయిని అనుమానించినందుకు. ఆ ఐదు కేసులే తనకి పెంపకం నేర్పాయని తర్వాత రాసుకున్నాడు.

మన బడుల్లో ఫిర్యాదుల పెట్టె ఉంటుంది, ఆఫీసు గది గుమ్మం పక్కనే. చీటీ వేసేవాళ్లు స్టాఫ్ రూమ్‌లో అందరికీ కనపడతారు. తాళం చెవి హెడ్మాస్టర్ గారి దగ్గర. ఆ పెట్టెని తీసుకెళ్లి కుళాయిల దగ్గర పెట్టి, తాళం చెవి పాఠశాల యాజమాన్య కమిటీలో ఒక తల్లికి ఇచ్చి, నెలకోసారి పిల్లల ముందే తెరవాలి. టీచర్ మీద చీటీ వస్తే పక్క బడి నుంచి ఒక టీచర్ వచ్చి ఇద్దరితోనూ కూర్చోవాలి. పిల్ల మధ్యవర్తుల శిక్షణ ఎప్పుడు పెట్టాలని అడిగే హెడ్మాస్టర్లకి నేనైతే ముందు ఈ పెట్టె జరపమని చెప్తాను. అందులో వచ్చే మొదటి పది చీటీలు చదివితే శిక్షణ పిల్లలకి ముందు కావాలో, స్టాఫ్ రూమ్‌కి ముందు కావాలో వాళ్లకే తెలుస్తుంది.